ఆదివారం ఒక్కరోజుతో సంఘం కాదు

(మా ఊరి తెలుగు రేడియోలో శనివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన ధోరణిని వీలైనంతవరకు మార్చలేదు.)

 

పోయిన నెల ఈ కార్యక్రమం నడిపే మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బతుకమ్మ మీద మాట్లాడించాం, సంక్రాంతి మీద మాట్లాడించాం. మీ చర్చి గురించి ఒక అరగంట మాట్లాడతారా?" అన్నాడు. ఏం మాట్లాడమంటావు అని అడిగాను. "మా పక్కింటివాళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి గానీ రారు. అంతసేపు లోపల ఏం చేస్తారో చెప్పండి, చాలు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే అంతకంటే మంచి ప్రశ్న ఇంకొకటి లేదనిపించింది. ఇన్నేళ్ళుగా వెళ్ళే మాలో కూడా చాలామంది ఆ ప్రశ్న వేసుకోలేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పాస్టర్ని కాను. వేదాంత కళాశాలలో చదువుకోలేదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మామూలు ఉద్యోగిని. డోర్నకల్‌కి దగ్గర్లో ఒక పల్లెలో ఉపదేశి కొడుకుగా పుట్టాను. ఇక్కడికొచ్చాక మా తెలుగు సంఘానికి పన్నెండేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. ఈ రెండు అనుభవాలే నా అర్హత. మతప్రచారం చెయ్యడానికి రాలేదు, భయపడకండి. నలుగురు ఒకచోట చేరితే గుంపు అవుతుంది. ఆ గుంపు సంఘం ఎప్పుడవుతుంది, ఎందువల్ల కాకుండా పోతుంది అన్నదే నేను చెప్పదలుచుకున్న విషయం. ఇది గుడికి వెళ్ళేవారికీ, మసీదుకు వెళ్ళేవారికీ, ఎక్కడికీ వెళ్ళనివారికీ కూడా పనికొస్తుందని నా నమ్మకం.

మా నాన్నగారి దగ్గర మొదలుపెడతాను. ఉపదేశి అంటే పల్లెల్లో అయ్యగారి కింద పనిచేసే బోధకుడు. అయ్యగారు పది పన్నెండు ఊళ్ళకు ఒక్కరే ఉంటారు, నెలకో రెండు నెలలకో ఒకసారి వస్తారు. మిగతా రోజులన్నీ ఆ ఊరికి ఉపదేశే దిక్కు. మా గుడి పెంకుటిల్లు. గంట కొనే స్తోమత లేదు గనక వేపచెట్టుకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది. సాయంత్రం నాట్ల నుంచి, కలుపుల నుంచి ఆడవాళ్ళు ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, నాలుగు మెతుకులు వండి దింపేవరకు నాన్నగారు ఆగేవారు. పొగ తగ్గడం చూసి ఆ పట్టా మీద ఇనప కమ్మీతో కొట్టేవారు. లాంతరు వెలుతురులో ముప్పై నలభై మంది కూర్చునేవారు. వాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో.

మరి ఆరాధన ఎలా? నాన్నగారు కీర్తనలో ఒక చరణం పాడేవారు, అందరూ తిరిగి పాడేవారు. వాక్యం ఒకటి చెప్పేవారు, అందరూ తిరిగి చెప్పేవారు. ఒక కథ చెప్పి, మర్నాడు సాయంత్రం ఎవరో ఒకరిచేత ఆ కథే మళ్ళీ చెప్పించేవారు. అలా అక్షరం రాని మా మేనత్తకు వంద కీర్తనలకు పైగా నోటికి వచ్చేవి. పాట పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి; ఆవిడకు ఆ పేర్లు తెలియవు గానీ రాగం మాత్రం తప్పేది కాదు.

ప్రార్థన అయ్యాక వెంటనే లేచి వెళ్ళేవారు కాదు. అసలు పని అప్పుడు మొదలయ్యేది. నాన్నగారు లాంతరు ఎత్తి, వరసలు ఒకసారి చూసేవారు. "ఎల్లమ్మ రాలేదేం?" అనేవారు. ఎవరో ఒకరు "జొరమండి" అనేవారు. ఇంటికి పోయేటప్పుడు నాన్నగారు ఆ ఇంటి మీదుగా పోయేవారు. ఆ లాంతరు అలా ఎత్తడం ప్రార్థనలో భాగమని నాకు చిన్నప్పుడు తెలియదు. తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ కథ తర్వాత చెప్తాను.

ఈ పద్ధతి మా నాన్నగారు కనిపెట్టింది కాదు. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఒంగోలుకు 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ వచ్చారు. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని దహించిన కరువు మీలో కొందరు పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆ కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు నడిచినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్ళు కూడా మన తెలుగు బోధకులే.

ఈ అంకె చెప్పి చాలామంది ఆగిపోతారు. నాకు ఆసక్తి జూలై 4 మీద. మర్నాడు పొద్దున ఆ రెండువేల పైచిలుకు మంది ఎవరి ఊరికి వారు, ఎవరి వాడకు వారు వెళ్ళిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగవాడల నుంచి వచ్చిన బీదలు. ఊరివాళ్ళ దృష్టిలో వాళ్ళ స్థానం అంగుళం కూడా మారలేదు. ఆ మనుషులు సంఘం కావాలంటే ఏం చెయ్యాలి?

క్లౌ గారి పద్ధతిలో కొత్తవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనికి పోవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. చివరిది మత విషయం. మొదటి రెండూ చూడండి. రైతు పిలిస్తే ఏ రోజైనా పోవలసిన మనిషి, వారంలో ఒక్కరోజు నాది అన్నాడంటే ఊళ్ళో అది చిన్న మాట కాదు. కొన్ని ఊళ్ళలో తగువులయ్యాయి, బావుల దగ్గర నీళ్ళు కట్టేశారు. అయినా ఆ ఒక్కరోజు సెలవే వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టింది. మనం ఆరాధన అంటే పాటలు, ప్రసంగం అనుకుంటాం. వాళ్ళకు ముందు అది పని మానుకుని కలిసి కూర్చునే హక్కు. ఇక బోధకులందరూ మూడు నెలలకొకసారి ఒంగోలు వచ్చి, ఏ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పుకుని, నేర్చుకుని వెళ్ళేవారు. అంటే పల్లెలో ఒంటరిగా పనిచేసేవాణ్ణి కూడా ఎవరో ఒకరు చూసుకోవాలన్న జ్ఞానం అప్పుడే ఉంది.

రెండోది మా డోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన నిలబడి, మీ త్యాగాలు చాలా గొప్పవి, కానీ మాకు స్నేహితులు కావాలి అనే అర్థం వచ్చేలా మాట్లాడితే, ఆ హాల్లో చాలామందికి మింగుడు పడలేదట. పెట్టేవాడు, పుచ్చుకునేవాడు అన్న తేడా ఉన్నంతకాలం సంఘం కాదు అన్నది ఆయన బాధ.

ఆ బాధకు ఆయన వెతుక్కున్న జవాబుల్లో ఒకటి మా అమ్మ చేతిలో ఉండేది. పిడికెడు బియ్యం. అన్నం వండడానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. మా ఇంట్లో నూకలు వండుకున్న రోజులున్నాయి. ఆ రోజు నూకలే పిడికెడు. నాకు కోపం వచ్చేది. "మనకే లేవు గదా" అంటే అమ్మ, "పుచ్చుకునేవాళ్ళం మాత్రమే అయితే తల ఎత్తలేం నాయనా" అనేది. కూలివాడు కూడా ఇచ్చేవాడే అని ప్రతిరోజూ రెండుసార్లు గుర్తుచేసే ఏర్పాటు అది. కోతలయ్యాక కోత పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు గుడి ముందు చేరేవి. వాటిని వేలం వేస్తే నవ్వులే నవ్వులు.

అజరయ్య గారు కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ మీరు డోర్నకల్ జంక్షన్‌లో దిగితే చూడవచ్చు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. మీద మసీదుల్లా గుమ్మటాలు, మినార్లు, లోపల గుడి మంటపంలా రాతి స్తంభాలు. పరాయి ఇల్లు కాదు, మన ఇల్లే అని రాతితో చెప్పించారు. అలాగని అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మాల మాదిగల మధ్య దూరం గుడిలోకి కూడా వచ్చింది. ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగాలంటే వెనకాడినవాళ్ళున్నారు. ఆ గిన్నె తర్వాత తర్వాత కొంత నేర్పింది. అంతా నేర్పలేదు.

సరే, ఇప్పుడు మా మిత్రుడి ప్రశ్నకు వస్తాను. లోపల ఏం చేస్తారు?

దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసిపోయిన సంఘం. వేరువేరు అలవాట్లవాళ్ళు కలిశారు గనక అందరికీ కుదిరే ఆరాధన క్రమం ఒకటి తయారుచేసుకోవలసి వచ్చింది. 1950లో మొదటిసారి వాడిన ఆ సంస్కార క్రమాన్ని తర్వాత ఇతర దేశాల సంఘాలు కూడా శ్రద్ధగా చూశాయి. మా సంఘంలో గుంటూరు లూథరన్లు, నెల్లూరు బాప్టిస్టులు, హెబ్రోనుకు వెళ్ళేవాళ్ళు, పెంతెకొస్తువాళ్ళు అందరూ ఉన్నా, మేము స్థూలంగా ఆ వరసే పాటిస్తాం.

మొదట ఒప్పుకోలు. అంటే తప్పులు ఒప్పుకోవడం. డాక్టరు, టాక్సీ నడిపేవాడు, వీసా రానివాడు, సిటిజన్ అయినవాడు అందరూ ఒకే మాటలు పలుకుతారు. అక్కడ అందరి ఎత్తు సమానమవుతుంది. తర్వాత వాక్యపఠనం. మా దగ్గర ఇది పాస్టరు గారు చదవరు, వంతులవారీగా సంఘస్థులు చదువుతారు. తర్వాత ప్రసంగం. తర్వాత విజ్ఞాపన ప్రార్థనలు, అంటే మనకోసం కాక ఇతరుల కోసం చేసే ప్రార్థనలు. ఇక్కడ సంఘం కళ్ళు బయటికి తిరుగుతాయి. ఆ తర్వాత సమాధానం చెప్పుకోవడం. పాస్టరు గారు పక్కవారి చేతులు తన రెండు చేతుల్లోకి తీసుకుంటారు, వారు ఇంకొకరివి, అలా చివరి వరసదాకా. ఇది కేరళ సిరియన్ సంఘాల అలవాటు చూసి సి.ఎస్.ఐ. తీసుకున్నది. వారమంతా మాట్లాడుకోని ఇద్దరు అక్కడ ఎదురుపడితే ఏం చేస్తారో చూడాలి. తర్వాత కానుక, ప్రభు భోజనం, ఆశీర్వాదం.

వరస గమనించండి. ముందు తగ్గడం, వినడం, ఇతరులను తలుచుకోవడం, చేతులు కలపడం, ఆ తర్వాతే భోజనం. సమాధానపడకుండా బల్ల దగ్గరికి వెళ్ళకూడదన్న పాఠం ఆ వరసలోనే ఉంది. ప్రసంగం మర్చిపోవచ్చు. ఏడాదికి యాభై సార్లు చేసిన వరస మనిషిలో ఎక్కడో ఇంకుతుంది.

ఆరాధన అయ్యాక కింది హాల్లో అందరం కలిసి తింటాం. దీన్ని ప్రేమవిందు అంటాం. బక్త్‌సింగ్ గారి సహవాసాల్లో, హైదరాబాదు హెబ్రోనులో, ఆరాధన తర్వాత అందరూ బంతిలో కూర్చుని తినడం ముఖ్యమైన ఆచారం. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా తినడం మన దేశంలో ఎంత పెద్ద సంగతో మీకు చెప్పక్కర్లేదు. అందుకే రాత్రి ఎనిమిదవుతుంది!

ఇంతవరకు గొప్పలు. ఇప్పుడు చెప్పడానికి కష్టమైన సంగతి.

మా సంఘం ఒక అపార్ట్‌మెంట్ హాల్లో నాలుగు కుటుంబాలతో మొదలైంది. పదేళ్ళలో అరవై కుటుంబాలయ్యాం. ఒక అమెరికన్ చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకున్నాం. మంచి మైకులు, ప్రొజెక్టరు, కీబోర్డు, చక్కగా పాడే పిల్లలు. చూసినవాళ్ళందరూ మెచ్చుకునేవారు. నేను కార్యదర్శిని, హాజరు పుస్తకం నా దగ్గరే.

2009 మొదట్లో, మీకు గుర్తుండే ఉంటుంది, వారం వారం ఉద్యోగాలు పోతున్న రోజులు. మా సంఘంలో డోలక్ వాయించే తమ్ముడు ఒకడుండేవాడు. భార్య, అయిదేళ్ళ పాప. ఎప్పుడూ ముందు వరసలో ఉండేవాడు వరసగా రెండు ఆదివారాలు చివరి వరసలో కూర్చున్నాడు. భోజనానికి ఉండలేదు. మూడో వారం రాలేదు. నాలుగు వారాలు రాలేదు. నా చేతిరాతతోనే నాలుగుసార్లు "రాలేదు" అని రాశాను. చూశాను, రాశాను, పుస్తకం మూశాను. ఎక్కడికో వెళ్ళుంటారులే అనుకున్నాను. అయిదో వారం డోలక్ ఎవరు వాయిస్తారన్న చర్చ వచ్చినప్పుడు ఫోన్ చేశాను. నంబరు పనిచెయ్యలేదు. అపార్ట్‌మెంట్‌కి వెళ్తే ఆఫీసులో అమ్మాయి చెప్పింది, ఖాళీ చేసి పది రోజులయిందని. ఉద్యోగం పోయింది, దాంతో వీసా పోయింది. సామాన్లు అమ్ముకుని, పాప సైకిలు పక్కింటి గుజరాతీ పిల్లలకిచ్చి ఇండియా వెళ్ళిపోయారు. అరవై కుటుంబాల్లో ఒక్కరం విమానాశ్రయానికి వెళ్ళలేదు. ఒక్కరం ప్రార్థన చెయ్యలేదు.

ఆర్నెల్లకు నంబరు దొరికింది. క్షమించమని అడిగాను. ఆ తమ్ముడు కోప్పడి ఉంటే బాగుండేది. "అదేం లేదన్నా. ఎవరైనా అడుగుతారని రెండు వారాలు వెనక కూర్చున్నాను. మూడో వారం సిగ్గేసింది" అన్నాడు.

ఆ రాత్రి నాకు నాన్నగారి లాంతరు గుర్తొచ్చింది. ఆయన దగ్గర హాజరు పుస్తకం లేదు. లాంతరు ఎత్తి చూసేవారు, ఆ ఇంటి మీదుగా పోయేవారు. నా దగ్గర పుస్తకం ఉంది, లాంతరు లేదు. మా ఆరాధనలో లోపం లేదు. కానీ ఆరాధన తలుపు దగ్గర ఆగిపోయింది, ఎవరి గుమ్మందాకా పోలేదు. కాపరి పని అనేది పాస్టరు గారి ఉద్యోగం అని మేము అరవై కుటుంబాలవాళ్ళం అనుకున్నాం. ఆయన కూడా వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం ప్రసంగం చెప్పే మనిషే. ఒక్కడు అరవై ఇళ్ళు చూడలేడు.

తర్వాత మేము చేసినవి చెప్తాను. గొప్పవేం కావు. మీ సంఘాలకు పనికొస్తాయేమో చూడండి.

ఒకటి, రెండు వారాల నియమం. ఎవరైనా వరసగా రెండు ఆదివారాలు కనబడకపోతే మూడో ఆదివారం లోపల ఇద్దరు వెళ్ళాలి. ఇది అమెరికా గనక ముందు ఫోన్ చేసి వెళ్ళాలి. కుటుంబాలను ఎనిమిది తొమ్మిది చొప్పున పంచుకున్నాం, ప్రతి గుంపుకి ఇద్దరు. వెళ్ళినవాళ్ళు ఎందుకు రాలేదని అడగకూడదు. ఎలా ఉన్నారని అడగాలి. టీ తాగాలి, వాళ్ళు ఒప్పుకుంటే చిన్న ప్రార్థన చెయ్యాలి, రావాలి. అక్కడ విన్నది కారులో కూడా మాట్లాడుకోకూడదు.

రెండు, విజ్ఞాపన ప్రార్థనల్లో పేరుపేరునా ప్రార్థించడం. ఇక్కడ మొదట్లో ఒక తప్పు చేశాం. ఒక చెల్లెమ్మ ఆస్పత్రి సంగతి ఆమెను అడక్కుండా మైకులో చెప్పేశాం. మంచి మనసుతోనే చెప్పాం, కానీ ఆమె మూడు నెలలు మొహం చూపించలేదు. అప్పట్నుంచి అడిగి, ఏ మాటలతో చెప్పమంటారో కూడా అడిగి చెప్తున్నాం. ప్రేమకు కూడా మర్యాద ఉండాలి.

మూడు, పిడికెడు బియ్యం. నవ్వకండి. కొందరు ఇళ్ళలో నిజంగానే ఒక డబ్బా పెట్టుకున్నారు. వండినప్పుడల్లా ఒక డాలరు. అది సహాయనిధి. ఎవరికిచ్చారో ఇద్దరికే తెలుసు. అప్పు కాదు, తిరిగి అడగం. మొదట తీసుకున్నవారిలో ఒకరు ఇప్పుడు ఆ నిధి చూసుకునే ఇద్దరిలో ఒకరు.

నాలుగు, ఇండియాలో తల్లో తండ్రో పోయి ఇక్కణ్ణించి వెళ్ళలేని వారింట్లో అదే రోజు సాయంత్రం ఆదరణ కూడిక. మా ఊళ్ళలో చావు జరిగితే ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఫోన్‌లో సమాధి కార్యక్రమం చూసి, మర్నాడు ఆఫీసుకు పోవాలి. ఆ బాధ మతంతో పనిలేకుండా మనందరికీ తెలుసు. ఇద్దరు వంట తెస్తారు, నలుగురు పాడతారు, మిగతావాళ్ళు ఊరికే కూర్చుంటారు. ఆ ఊరికే కూర్చోవడమే పెద్ద సేవ అని నేను నేర్చుకున్నాను. ఇలాంటి కూడికలకు హిందూ మిత్రులు, ముస్లిం మిత్రులు కూడా వచ్చి కూర్చున్నారు.

అయిదు, బల్ల. భోజనాల దగ్గర ఒకే జిల్లావాళ్ళు, ఒకే వర్గంవాళ్ళు ఒకే బల్ల చుట్టూ చేరుతున్నారని మా ఆవిడ చెప్పేవరకు నేను గమనించలేదు. "మీదే జిల్లా?" అని మొదలై ఇంటిపేరు దగ్గర ఆగే ఆరా మనకు తెలియనిదా? సముద్రాలు దాటినా ఆ ఆరా మన సూట్‌కేసులో వచ్చేస్తుంది. ఇప్పుడు కుర్చీలు తీసేసి పొడవాటి బల్లలు వేశాం, వచ్చిన వరసలోనే కూర్చోవాలి. పెద్దలే వడ్డిస్తారు. అంతా పోయిందని చెప్పను. తగ్గింది.

ఇక అందరి ఇళ్ళలో ఉన్న ప్రశ్న, భాష. మా పిల్లలకు తెలుగు ప్రసంగం అర్థం కాదు. అమ్మమ్మలకు ఇంగ్లీషు ప్రసంగం అర్థం కాదు. ఈ తగువు మాతో మొదలు కాలేదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నటాలుకు మొదటి కూలీలను తీసుకెళ్ళింది. 1911 వరకు అలా 1,52,000 మందికి పైగా వెళ్ళారు. అయిదేళ్ళ ఒప్పందం, మొదట నెలకు పది షిల్లింగులు జీతం. వాళ్ళలో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులున్నారు. వాళ్ళకోసం తెలుగు బాప్టిస్టు సంఘాలవాళ్ళు, దొరల మిషను కాదు, మనవాళ్ళే, చందాలు వేసుకుని 1903లో జాన్ రంగయ్య గారనే నెల్లూరాయన్ను పంపించారు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీ అనే తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. పన్నెండేళ్ళు ఆ తోటల్లో సేవచేసి 1915లో రంగయ్య గారు కన్నుమూశారు. మధ్యలో 1914లో సంఘం చీలింది కూడా. మనుషులన్నాక అదీ ఉంటుంది.

నూట ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ సంఘాల వారసులు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ ఆరాధన ఇంగ్లీషులో జరుగుతుంది. ఇది విన్నప్పుడు నాకు సంతోషం, దుఃఖం రెండూ కలిగాయి. భాష పోయినా సంఘం నిలబడిందని సంతోషం. నిలబడినా రంగయ్య గారు పాడిన కీర్తన ఆయన మునిమనవలకు అర్థం కాదని దుఃఖం. ఏది ముఖ్యమని అడిగితే సంఘమే ముఖ్యం అంటాను. కానీ రెండోదాన్ని తేలిగ్గా వదలబుద్ధి కాదు.

మేము పాఠాలు రెండు భాషల్లో చదువుతాం, ప్రసంగం ఒక వారం తెలుగు, ఒక వారం ఇంగ్లీషు. పాటల దగ్గర మాత్రం నాన్నగారి పద్ధతే పనికొచ్చింది. మా పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. మా పల్లెలో మా మేనత్తకూ రావు. ఆవిడ ఎలా నేర్చుకుందో వీళ్ళూ అలాగే నేర్చుకుంటున్నారు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించడం మానేశాం. ఒకరు పాడతారు, పిల్లలు తిరిగి పాడతారు. నెలకొక కీర్తన, అర్థం చెప్పి. ఆ పాడించేది ఎవరనుకున్నారు? ఇండియా నుంచి మనవల్ని చూసుకోవడానికి వచ్చి, రోజంతా కిటికీ దగ్గర కూర్చునే అమ్మమ్మలు, నాయనమ్మలు. వాళ్ళకు ఒక పని దొరికింది, పిల్లలకు పాట దొరికింది.

సమయం అయిపోయిందంటున్నారు. ముగిస్తాను. ఆ డోలక్ తమ్ముడు ఇప్పుడు విజయవాడలో ఉన్నాడు. వాళ్ళ పాప ఇంజనీరింగ్ పూర్తిచేసింది. రెండేళ్ళ క్రితం ఊరెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను, భోజనం పెట్టారు. పాత సంగతి ఎవరం ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం, "అక్కడ ఇప్పుడు చివరి వరసలో కూర్చునేవాళ్ళని ఎవరు చూస్తారన్నా?" అని అడిగాడు. రెండు వారాల నియమం గురించి చెప్పాను. తల ఊపాడు. మంచిది అన్నాడు. అంతే.

వింటున్నవారికి నా విన్నపం ఒకటే. మీరు వెళ్ళేది గుడి కావచ్చు, మసీదు కావచ్చు, గురుద్వారా కావచ్చు, తెలుగు అసోసియేషన్ కావచ్చు. ఈ మధ్య రెండు మూడు వారాలుగా అక్కడ కనబడనివారు ఎవరైనా ఉన్నారేమో ఒక్కసారి గుర్తుచేసుకోండి. పేరు తట్టిందా? అయితే ఈ రేడియో కట్టేసి వాళ్ళకు ఫోన్ చెయ్యండి. ఎందుకు రాలేదని మాత్రం అడక్కండి.